మూడో పీరియడ్ కడుపునొప్పి

మెట్టుగూడ కాన్వెంట్ల సిక్ రూము అంటే
రెండు ఇనుప మంచాలు, గులాబి రంగు మందు సీసా,
గోడకు సిలువ, కిటికీల రైలు.
ఊడ్సేది, తుడ్సేది, పిల్లలు కక్కితే ఎత్తేది నేను.
రాసేది సిస్టర్ హిలారియా.

ఆమె రిజిస్టర్ల మస్తుసార్లు ఒక్కటే మాట.
నాకు సదువు రాదు గని
ఆ మాట మొఖం గుర్తుపట్టిన:
కడుపునొప్పి.
సోమారం నొప్పి ఫీజుది.
పరీక్షనాటి నొప్పి లెక్కలది, పదకొండు గంటలకు తగ్గుతది.
హాస్టల్ పిల్లల నొప్పి ఆదివారం సాయంత్రం
అమ్మానాయినలు గేటు దాటినంక మొదలైతది.
దానికి మందు లేదు. గోరువెచ్చటి పాలున్నయి.

ఏడో తరగతి దీవెన నొప్పి మాత్రం
బేస్తారం నాడు, మూడో పీరియడ్.
వారం తప్పలే. వానల గూడ తప్పలే.
చెయ్యి పొట్ట మీద పెట్టుకోవాల్నని యాదిమరిచి
ఒక్కోసారి తల పట్టుకొని వచ్చేది.

"నాటకం" అన్నది క్లాస్ టీచరు.
"పెద్ద దవాఖాన్ల చూపియ్యాలె" అన్నది హెడ్ సిస్టరు.
హిలారియా సిస్టర్ ఏమనలే.
పిల్ల ఒళ్ళె ఇంత దూది పెట్టి
ఉండలు చెయ్యమన్నది.
ఆర్నెల్లల్ల మూడు డబ్బాలు నిండినయి.
అన్ని మోకాళ్ళు పగిలేటి బడి కాదు మాది.

అడుగుతలేవేందమ్మా, అని నేనే అడిగిన ఒకనాడు.
"అడిగితే అబద్ధం చెప్తది బాలమణీ,
మళ్ళ ఆ అబద్ధానికి ఆ పిల్లనే కావలుండాలె" అన్నది.

ఎన్నో బేస్తారమో లెక్కలేదు.
దూది వత్తుకుంటనే, మా దిక్కు చూడకుండనే
పిల్ల చెప్పింది:
మూడో పీరియడ్ల ఒక్కొక్కరు లేచి నిలబడాలె,
ఇంట్ల ఎవరి కోసం ప్రార్థన చెయ్యాల్నో అందరి ముందట చెప్పాలె.
"డాడీ దుబాయ్‌ల ఉన్నడని చెప్పమన్నది అమ్మమ్మ.
డాడీ దుబాయ్‌ల లేడు సిస్టర్.
చంచల్‌గూడల ఉన్నడు."

రైలు వచ్చింది. పొడుగు రైలు.
అది పొయ్యేదాంక ముగ్గురం ఆగినం.

ఆ దినం రిజిస్టర్ల ఏం రాయలే సిస్టర్.
హెడ్ సిస్టర్ రూముకు పోయి తలుపేసుకున్నది.
నేను బయట వరండాల
ఒక్కటే బండను మూడుసార్లు తుడిచిన.
"ఇరవై ఏండ్ల సంది ఇట్లనే నడుస్తున్నది" అన్న గొంతు.
"కడుపునొప్పులు గూడ ఇరవై ఏండ్ల సందే" అన్న గొంతు.

మళ్ళ వారం ఒక చెప్పుల డబ్బా వచ్చింది,
పైన కత్తెరతోని కోసిన నోరు.
పేరు రాసుడు లేదు. లేచి నిలబడుడు లేదు.
రాసేటిది ఏం లేకుంటే తెల్ల కాగితమే మడిచి ఎయ్యాలె,
ఎవలు రాసిండ్రో ఎవలు రాయలేదో తెల్వకుండ.
చాపెల్‌కు మోసేది నేను.
"సదువొచ్చినోళ్ళ చేతికిస్తే విప్పుతరు" అని సిస్టర్ నవ్వింది.
నేనూ నవ్విన. లోపల జెర కలుక్కుమన్నది.

ఆషాఢంల అమ్మవారికి బోనమెత్తే నెత్తి నాది.
ఈ డబ్బాను గూడ అట్లనే మోసిన,
మెట్ల కాడ చెప్పులు ఇడ్సి, వంగకుండ.

దీవెన బేస్తారం రావుడు బందైంది.
ఒక్కసారి మంగళారం నాడు వచ్చింది, నిజం జరంతోని.
నూటరెండు!
సిస్టర్, నేను ఎంత సంబరపడ్డమో చెప్పరాదు.

ముసురు పట్టిన దినం మెట్ల మీద జారిన.
చీటీలన్ని చిందరవందర.
ఏరుతుంటే అన్నీ అక్షరాలే, చీమల బారులు.
ఒక్కదాంట్ల అక్షరం లేదు.
ఒక స్టూలు. దాని మీద కూసున్న ఆడమనిషి.
గోడకు ఆనిచ్చిన చీపురు. పెద్ద బొట్టు.
రెండు మోకాళ్ళకు ఎర్ర పెన్సిల్‌తోని సున్నాలు.

ఆ బడిల నేను కూసుంటే
ఎవ్వరు చూడలేదనుకున్న.

సదువు రానోళ్ళకు ఎట్ల రాయాల్నో
ఎవలో పిల్లకు ఎరుకున్నది.
ఎవలని నేను గూడ అడగలే.

ఆ ఒక్క చీటి మాత్రం చాపెల్‌కు చేరలే.
కొంగున కట్టుకున్న.
దేవునికి సదువొస్తది గద,
మిగిలినయి చదువుకుంటడు.